విద్యుత్ రేడియో పందెపు పడవ: భాగాల ఎంపిక

ఒడ్డున నిలబడిన మనిషి రిమోట్‌తో పంపే రేడియో సంకేతాలను అందుకుని, బ్యాటరీ మోటారు బలంతో నీటి మీద పరుగెత్తే నమూనా పడవను విద్యుత్ రేడియో పందెపు పడవ అంటారు. పొడవు సాధారణంగా 40 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా ఉంటుంది. ఆటబొమ్మల కొట్టులో దొరికే పడవలో అన్నీ బిగించే వస్తాయి. పందెపు పడవలో గుల్ల, ప్రొపెల్లర్, మోటారు, స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ, రేడియో వేర్వేరుగా ఎంచుకుని కూర్చుకోవాలి. వీటిలో ఒక్కటి పొసగకపోయినా మిగిలినవాటి మీద పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

ఈ వ్యాసం ఆ ఎంపిక పద్ధతిని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నీళ్లను దృష్టిలో పెట్టుకుని వివరిస్తుంది. ఈ మూడూ పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడ్డాయి. నారాయణపేట జిల్లాలో తెలంగాణలో అడుగుపెట్టే కృష్ణ ఈ మూడింటినీ తాకుతూ శ్రీశైలం వైపు సాగుతుంది.

చరిత్ర

రేడియో నియంత్రణ చరిత్ర బ్యాటరీ పడవతోనే మొదలైంది. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఒక చిన్న ఇనుప పడవను నీటి తొట్టిలో నడిపి చూపాడు. బ్యాటరీ, విద్యుత్ మోటారు, రేడియో గ్రాహకం మూడూ అందులో ఉన్నాయి. ఆ ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది. అంతకు ఆరు దశాబ్దాల ముందే రష్యాలో మోరిట్జ్ యకోబీ మనుషులు ఎక్కిన విద్యుత్ పడవను నీవా నది మీద నడిపాడు.

నమూనా పడవల పందేలకు అమెరికాలో 1949లో ఇంటర్నేషనల్ మోడల్ పవర్ బోట్ అసోసియేషన్, ఐరోపాలో 1959లో నావిగా సంస్థ ఏర్పడ్డాయి. చాలాకాలం వేగమంటే చిన్న ఇంజిన్లదే. నికెల్ కాడ్మియం బ్యాటరీ, బ్రష్ మోటారు ఉన్న పడవలు బరువెక్కువై వెనకబడేవి. 2000 తర్వాతి దశాబ్దంలో లిథియం పాలిమర్ బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు అందుబాటు ధరకు రావడంతో పరిస్థితి తిరగబడింది. ఇప్పుడు తరగతులను ఎక్కువగా బ్యాటరీ సెల్లుల సంఖ్య, పడవ పొడవు, గుల్ల రకం బట్టి విభజిస్తున్నారు. పోటీకి దిగే ఉద్దేశం ఉంటే ఏ భాగమూ కొనకముందే ఆ తరగతి నిబంధనలు చదవాలి. ఒక్క సెల్లు ఎక్కువైనా పడవను పందేనికి అనుమతించరు.

నీరు: మొదటి కొలత

కొత్తవాళ్లు ఎక్కువమంది మోటారుతో మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. మొదట తేల్చుకోవాల్సింది పడవ ఏ నీటిలో తిరుగుతుందన్నది. లోతు, అలలు, నాచు, రాళ్లు గుల్లను నిర్ణయిస్తాయి. గుల్ల ప్రొపెల్లర్‌ను, ప్రొపెల్లర్ మోటారును, మోటారు బ్యాటరీని నిర్ణయిస్తాయి.

ఈ ప్రాంతపు నీళ్లు ఒక తీరువి కావు. జూరాల జలాశయం నిండినప్పుడు విశాలంగా, గాలికి బాహాటంగా ఉంటుంది. ఆషాఢ శ్రావణాల గాలికి లేచే అలలు 40 సెంటీమీటర్ల పడవను బోల్తా కొట్టిస్తాయి. ఆనకట్ట దిగువన నది రాళ్ల మధ్య పాయలుగా చీలుతుంది కాబట్టి అది పందెపు పడవకు పనికిరాదు. సోమశిల దగ్గరిది శ్రీశైలం వెనుక జలం. వానాకాలంలో నిండుగా ఉండి, ఎండాకాలానికి బాగా తగ్గిపోతుంది. అవతలి ఒడ్డున ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండే సంగమేశ్వరాలయం నీరు తగ్గాక బయటపడటం అందరూ చూసేదే. గుడి తేలే చోట రాళ్లూ మొద్దులూ కూడా తేలుతాయి. కార్తీకంలో లోతుగా ఉన్న చోటే ఫాల్గుణంలో చుక్కానిని విరిచేయగలదు.

మదనాపురం మండలం శంకరమ్మపేట దగ్గరి సరళాసాగర్ వేరే జాగ్రత్త కోరుతుంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరున కట్టించిన ఈ ప్రాజెక్టులో నీరు పూర్తి మట్టం దాటగానే సైఫన్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. గేటు ఎత్తే మనిషి ఉండడు కాబట్టి ముందుగా హెచ్చరికా ఉండకపోవచ్చు. జలాశయం నిండుతున్న రోజుల్లో సైఫన్ల వైపు పడవను వదలకూడదు. 2019 డిసెంబరు 31న దీని కట్ట తెగింది. పాత కట్టల మీద నిలబడే ముందు అది గుర్తుంచుకోవలసిన సంగతి.

పందెపు పడవ నేర్చుకోవడానికి మాత్రం ఊరి చెరువే మేలు. మూడు నాలుగు అడుగుల లోతు, చదునైన ఒడ్డు, పొద్దున్నే గాలిలేని నీరు ఉంటే చాలు. చెరువు శత్రువులు గుర్రపుడెక్క, నాచు, వలతాడు. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న నైలాన్ పోగు మోటారును ఆపేస్తుంది, ఆగిన మోటారు కొన్ని సెకన్లలో కంట్రోలర్‌ను కాల్చేస్తుంది.

గుల్ల

కృష్ణ మీద ఈ ప్రాంతపు సొంత పడవ పుట్టి. వెదురు బద్దలు అల్లి, ఒకప్పుడు తోలు, తర్వాత తారు పూసిన గుడ్డ లేదా ప్లాస్టిక్ పట్టా కప్పిన గుండ్రని బుట్ట అది. గద్వాల దగ్గరి గుర్రంగడ్డ దీవి జనం ఏళ్లతరబడి పుట్టిలోనే నది దాటారు. జానెడు నీటిలోనూ తేలుతుంది, రాయి తగిలితే గుండ్రంగా తిరిగి తప్పుకుంటుంది. పుట్టికి ముందూ వెనుకా లేవు, వేగమూ అవసరం లేదు. పందెపు పడవకు ఇవన్నీ కావాలి. అయినా రెండింటి వెనుక ఉన్న సూత్రం ఒకటే: నీటిని చూసి గుల్ల కట్టడం.

పందెపు గుల్లలు ముఖ్యంగా మూడు రకాలు. మోనో అనే ఏక గుల్లకు అడుగు ఆంగ్ల వీ అక్షరంలా ఉంటుంది. అలలను కోస్తుంది, తప్పులను భరిస్తుంది. జూరాల, సోమశిల వంటి విశాల నీటికి, కొత్తవాళ్లకు ఇదే తగినది. కాటమరాన్‌కు రెండు గుల్లల మధ్య గాలి దూరే సొరంగం ఉంటుంది. చదునైన నీటిలో వేగంగా, మలుపుల్లో నిలకడగా ఉంటుంది. ఎదురుగాలి సొరంగంలో దూరితే మాత్రం ముక్కు లేచి వెనక్కి పల్టీ కొడుతుంది. మూడోది హైడ్రోప్లేన్. వేగంగా వెళ్లేటప్పుడు మూడు చిన్న తలాల మీదే నీటిని తాకుతుంది. అన్నిటికంటే వేగవంతమైనది, అన్నిటికంటే సున్నితమైనది. నాచున్న చెరువులో దీన్ని దింపడం దండగ.

పదార్థాల్లో ఫైబర్‌గ్లాస్ బరువుకూ బలానికీ మధ్యస్థం. చిల్లి పడితే ఇంట్లోనే రెజిన్‌తో అతకవచ్చు. కార్బన్ ఫైబర్ తేలిక, గట్టి. అయితే అది రేడియో తరంగాలను అడ్డుతుంది కాబట్టి గ్రాహకం యాంటెన్నా పైకి రావాలి. ఏబీఎస్ ప్లాస్టిక్ చవక, రాయి తగిలితే పగులుతుంది. మెరైన్ ప్లైవుడ్‌తో నక్షా చూసి కట్టుకునేవాళ్లూ ఉన్నారు. మొదటి పడవగా 60 నుంచి 70 సెంటీమీటర్ల ఫైబర్‌గ్లాస్ మోనో ఎంచుకోవడం క్షేమం. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ కొలతకే.

ప్రొపెల్లర్, మోటారు, బ్యాటరీ: ఒకే లెక్క

పందెపు పడవ ప్రొపెల్లర్ పరుగులో సగం నీటిపైనే తిరుగుతుంది. దీన్ని వ్యాసం, పిచ్ నిష్పత్తులతో కొలుస్తారు. పేరుపొందిన ఆక్టూరా ప్రొపెల్లర్ల సంఖ్యల్లోనే ఈ కొలతలు ఉంటాయి. ఎక్స్442 అంటే 42 మిల్లీమీటర్ల వ్యాసం, 1.4 నిష్పత్తి. ఒక్క చుట్టుకు సిద్ధాంతం ప్రకారం 42 × 1.4, అంటే 58.8 మిల్లీమీటర్లు ముందుకు నెట్టాలి.

మోటారు మీద రాసే కేవీ సంఖ్య ఒక్క వోల్టుకు, బరువు లేనప్పుడు, నిమిషానికి ఎన్ని చుట్లో చెబుతుంది. ఈ కొలత పడవల్లో లెక్కలోని వేగం నిమిషానికి 25,000 నుంచి 35,000 చుట్ల మధ్య ఉండేలా చూస్తారు. లిథియం పాలిమర్ సెల్లు నామమాత్రపు వోల్టేజీ 3.7. నాలుగు సెల్లులకు 14.8 వోల్టులు. 2,000 కేవీ మోటారుకు 14.8 × 2,000 = 29,600 చుట్లు. అదే మోటారుకు ఆరు సెల్లులు తగిలిస్తే 44,400. ఒక్క పరుగులోనే ఏదో ఒక భాగం పొగలు కక్కుతుంది. ఆరు సెల్లులకు 1,400 కేవీ దగ్గర ఎంచుకోవాలి.

నీటి బరువు మీద పడ్డాక చుట్లు సుమారు 25,000కు తగ్గుతాయనుకుందాం. 25,000 × 58.8 మిల్లీమీటర్లంటే నిమిషానికి 1,470 మీటర్లు, గంటకు 88 కిలోమీటర్లు. నీటిలో జారుడు 10 నుంచి 20 శాతం తీసేస్తే 70 నుంచి 79. నాలుగు సెల్లుల మోనోకు ఇది మంచి వేగం.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది: ‘ఇంకొంచెం పెద్ద ప్రొపెల్లర్ వేద్దాం’ అనుకోవడం. అదే చుట్లలో ప్రొపెల్లర్ అడిగే బలం స్థూలంగా వ్యాసం ఐదో ఘాతాన్ని అనుసరిస్తుంది. 40 నుంచి 42 మిల్లీమీటర్లకు పెంచితే వ్యాసం పెరిగింది 5 శాతమే, బలం అవసరం పెరిగేది దాదాపు 28 శాతం. ఆ అదనపు కరెంటు బ్యాటరీ, తీగ, కంట్రోలర్, మోటారు అన్నిటి గుండా వేడిగా పోతుంది. అందుకే ప్రొపెల్లర్‌ను చిన్నదానితో మొదలుపెట్టి, ప్రతి పరుగు తర్వాత వేడి చూసుకుంటూ పెంచుకోవాలి.

మోటారు పరిమాణం నాలుగంకెల్లో ఉంటుంది. 3660 అంటే 36 మిల్లీమీటర్ల మందం, 60 మిల్లీమీటర్ల పొడవు. 60–70 సెంటీమీటర్ల మోనోకు 3660 నుంచి 3674 దాకా సరిపోతాయి. ఒకే కేవీ ఉన్న రెండు మోటార్లలో పొడవైనది ఎక్కువ బలాన్ని తక్కువ వేడితో ఇస్తుంది. లోపలి అయస్కాంతం తిరిగే ఇన్‌రన్నర్ రకమే పడవకు అనువు, ఎందుకంటే తిరగని పైతొడుగు మీద నీటి జాకెట్ తొడగవచ్చు.

బ్యాటరీ మీద రెండు సంఖ్యలు చూడాలి. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్, 50 సీ అని ఉంటే లెక్కకు 5 × 50 = 250 ఆంపియర్లు ఇవ్వాలి. చాలా ప్యాకుల మీద సీ సంఖ్యను పెంచి రాస్తారు. అందులో సగమే నమ్మి లెక్క వేసుకోవడం మంచిది. ఒకే సామర్థ్యమున్న రెండు ప్యాకుల్లో అంతర్గత నిరోధం తక్కువున్నదే మేలైనది. సగటున 100 ఆంపియర్లు లాగే పడవ 5,000 ప్యాకులో 80 శాతం వాడితే పరుగు సమయం 144 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాల లోపు. ఈ లెక్క ముందే వేసుకోనివాళ్ల పడవ చెరువు నడిమధ్యలో ఆగుతుంది.

గుల్లలో బ్యాటరీ స్థానం వేగాన్ని మార్చగలదు. మోనోలో బరువు కేంద్రం వెనుక అంచు నుంచి పొడవులో 30 శాతం దగ్గర ఉంచడం వాడుక. 70 సెంటీమీటర్ల పడవకు అది 21 సెంటీమీటర్లు. ప్యాకును బలమైన వెల్క్రో పట్టీతో కట్టి, రెండేసి సెంటీమీటర్లు ముందుకూ వెనక్కూ జరిపి చూస్తారు.

స్పీడ్ కంట్రోలర్, తీగలు

స్పీడ్ కంట్రోలర్ బ్యాటరీ కరెంటును మోటారుకు కావలసిన మూడు దశల కరెంటుగా మారుస్తుంది. సగటు 100 ఆంపియర్లయితే ఊపందుకునే క్షణాల్లో 150 దాటవచ్చు. కాబట్టి 150–180 ఆంపియర్ల, నీటితో చల్లబడే పడవ రకాన్నే కొనాలి. కారు కంట్రోలర్‌కు బ్రేకు, విమానం కంట్రోలర్‌కు గాలి చల్లదనం ఉంటాయి. మూసిన గుల్లలో అవి నిలవవు. ఖర్చు తగ్గించుకోవాలంటే రేడియోలో తగ్గించుకోవచ్చు, ఇక్కడ మాత్రం కాదు.

తీగ చాలకపోతే బ్యాటరీ వైపు పొడిగించకూడదు. ఆ వైపు పొడవు పెరిగితే వోల్టేజీ ఎగుడుదిగుడులు పెరిగి కంట్రోలర్ కెపాసిటర్లు పేలతాయి. మోటారు వైపు పొడిగించుకోవచ్చు. కనెక్టర్లలో ఎక్స్‌టీ60 పేరులోనే 60 ఆంపియర్లని ఉంది, ఇంత కరెంటుకు ఎక్స్‌టీ90 గానీ 5.5 మిల్లీమీటర్ల బులెట్ గానీ కావాలి. లావు తీగల టంకానికి మామూలు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలదు. 80 వాట్లకు తగ్గితే పైకి మెరిసినా లోపల అతకదు.

షాఫ్టు, చుక్కాని

మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు తిప్పుడును చేరవేసేది ఫ్లెక్స్ షాఫ్టు, అంటే ఉక్కు పోగులు పేనిన వంగే తాడు. ఇత్తడి గొట్టం లోపల టెఫ్లాన్ పూతలో తిరుగుతుంది. బరువు పడినప్పుడు ఈ తాడు బిగుసుకుని కొద్దిగా కురచవుతుంది. అందుకే షాఫ్టు కొనను పట్టి ఉంచే వెనుక స్ట్రట్‌కూ ప్రొపెల్లర్ ముందుండే డ్రైవ్ డాగ్‌కూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదులుతారు. ఆ సందు లేకుండా బిగిస్తే లోహం లోహాన్ని రాసుకుని గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతుంది. ప్రతి రోజు పరుగు ముగిశాక షాఫ్టును బయటికి లాగి, తుడిచి, నీటికి కరగని గ్రీజు పట్టించాలి. గొట్టంలోంచి వచ్చిన గ్రీజు తెల్లగా పాలలా మారి ఉంటే నీరు చేరిందని, నల్లగా ఉంటే లోపల అరుగుతోందని అర్థం.

ఓవల్ పందేలను ఎక్కువగా గడియారం ముల్లు తిరిగే దిశలో నడుపుతారు. కాబట్టి మలుపులన్నీ కుడికే. చుక్కానిని కుడి పక్కకు అమర్చి, కుడివైపే మలుపు రెక్కను బిగించడానికి కారణం ఇదే. రాళ్లున్న సోమశిల వంటి చోట చుక్కాని పైబోల్టు గట్టిది, కిందిది ప్లాస్టిక్‌ది వేస్తారు. రాయి తగిలితే ప్లాస్టిక్ బోల్టు తెగి చుక్కాని పైకి లేస్తుంది, గుల్ల వెనుక భాగం చీలదు. చుక్కానిని తిప్పే సర్వో నీరు చొరనిది, లోహపు పళ్లది కావాలి.

ప్రొపెల్లర్లను అమ్మినట్టే వాడరు. అంచు పదును పెట్టి, రెండు రెక్కలూ తూకం చూసి వాడతారు. తూకం లేని ప్రొపెల్లర్ 25,000 చుట్లలో షాఫ్టునూ బేరింగులనూ తినేస్తుంది. బెరీలియం రాగి ప్రొపెల్లర్లను పొడిగా ఆకురాయి పట్టకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు నయంకాని జబ్బు తెస్తుంది. నీటిలో తడుపుతూ, మాస్కు పెట్టుకుని, పిల్లలకు దూరంగా చేయాలి.

రేడియో

నేటి రేడియోలన్నీ దాదాపు 2.4 గిగాహెర్ట్‌జ్‌లోనే పనిచేస్తాయి. భారతదేశంలో ఈ పట్టీకి 2005లోనే లైసెన్సు మినహాయింపు వచ్చింది. ఈ తరంగాలను నీరు మింగేస్తుంది. అందుచేత యాంటెన్నా కొనను నీటి మట్టానికి పైకి, గుల్ల మూత బయటికి తీసి ఒక సన్నని గొట్టంలో నిలబెట్టాలి. సంకేతం తెగితే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ అమర్చి, నీటిలో దింపేముందు రిమోట్ ఆపి పరీక్షించాలి.

వేడి, చల్లదనం

చుక్కానిలోని రంధ్రం నుంచి వేగానికి లోపలికి తోసుకొచ్చే నీరు సిలికాన్ గొట్టాల ద్వారా కంట్రోలర్‌కూ మోటారుకూ వెళ్లి పక్క నుంచి చిమ్ముతుంది. ఆ చిమ్ముడు ఆగితే పరుగు ఆపాలి. బురద నీటిలో ఆ రంధ్రం తరచూ పూడుతుంది.

కొత్త కూర్పుతో మొదటి పరుగు 30 సెకన్లకు మించకూడదు. పడవను తెచ్చి, మూత టేపు లాగి, వేలి వెనుక భాగాన్ని మోటారుకు ఆనిస్తారు. మూడు సెకన్లు ఆపలేకపోతే 60 డిగ్రీలకు చేరినట్టే. తర్వాత కంట్రోలర్, తర్వాత కనెక్టర్, చివరికి బ్యాటరీ. వేడెక్కిన భాగమే తప్పును పట్టిస్తుంది: కనెక్టర్ ఒక్కటే కాలితే టంకం చెడింది, అన్నీ కాలితే ప్రొపెల్లర్ పెద్దదైంది.

గద్వాల, వనపర్తి వైపు ఏప్రిల్, మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో నిలిపిన కారులో బ్యాటరీ వదలడం ప్రమాదం. సెల్లు నిండుగా 4.2 వోల్టులు, ఖాళీగా 3.0కు ఎన్నడూ తగ్గకూడదు. కంట్రోలర్ హెచ్చరికను 3.3 దగ్గర పెట్టుకోవాలి. పరుగు లేని రోజుల్లో 3.8 వోల్టుల దగ్గర ఉంచి, చల్లని చోట ఇసుక నింపిన లోహపు పెట్టెలో గానీ మంటకు తట్టుకునే సంచిలో గానీ దాచాలి. ఉబ్బిన ప్యాకు వాడకూడదు. చార్జింగు బ్యాలెన్స్ చార్జరుతో, 5,000 ప్యాకుకు 5 ఆంపియర్ల దగ్గర, మనిషి ఎదుటే జరగాలి.

స్థానికంగా దొరికేవి

మోటారు, కంట్రోలర్, బ్యాటరీ, రేడియో ఆన్‌లైన్‌లో గానీ హైదరాబాద్ హాబీ దుకాణాల్లో గానీ కొనాల్సిందే. మిగతా సామాను చేతికందే దూరంలోనే ఉంది. ఇత్తడి గొట్టం, సిలికాన్ గొట్టం, మెరైన్ ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్ గుడ్డ, రెజిన్, బేరింగు గ్రీజు పట్టణాల హార్డ్‌వేర్ కొట్లలో అడిగి తెప్పించుకోవచ్చు. బోరు మోటార్ల షాఫ్టులు తిప్పే లేత్ మేస్త్రీ స్ట్రట్ పట్టీ, మోటారు మౌంటు చేసివ్వగలడు. మోటారునూ షాఫ్టునూ కలిపే కప్లింగు మాత్రం తయారైనదే కొనడం నయం. 30,000 చుట్లలో వెంట్రుకవాసి వంకరను కూడా షాఫ్టు భరించదు. వనపర్తి రాజభవనంలో 1959లో మొదలైన పాలిటెక్నిక్ వంటి సంస్థల విద్యార్థులకు ఈ పడవ మంచి ప్రాజెక్టు. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ మూడు శాఖల పనీ ఒకే గుల్లలో కలుస్తుంది.

నీటి మీద భద్రత, అనుమతులు

చెరువుల్లో చేపల హక్కు ఎక్కువచోట్ల మత్స్య సహకార సంఘాలది. చేపపిల్లలు వదిలిన కొత్తలో, వలలు కట్టిన రోజుల్లో పడవ నడపకూడదు. సంఘం పెద్దలను అడిగితే వల ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో కృష్ణ ఒడ్డు కొంత అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తుంది. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా దిగరాదు. ప్రాజెక్టుల కట్టల మీద నీటిపారుదల శాఖ అనుమతి అవసరం.

70 కిలోమీటర్ల వేగంతో వచ్చే రెండు కిలోల పడవ మనిషి కాలు విరచగలదు. ఈత కొట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, పశువులు నీటిలో ఉంటే పడవ దించకూడదు. బ్యాటరీ తగిలించాక ప్రొపెల్లర్ దగ్గరికి వేళ్లు పోనివ్వరాదు. గుల్ల బయటికి తీసిన సేఫ్టీ తీగ, లాగితే కరెంటు తెగేది, ప్రతి పడవకూ ఉండాలి.

గుల్ల లోపల ఖాళీల్లో థర్మాకోల్ ముక్కలు నింపితే బోల్తాపడినా మునగదు. ఆగిన పడవ కోసం ఈదుకుంటూ వెళ్లడం ఈ ప్రాంతంలో ముఖ్యంగా తగదు. కృష్ణలో, దాని వెనుక జలాల్లో మొసళ్లున్నాయి. చేపల గాలం తాడుకు టెన్నిస్ బంతి కట్టి అవతలికి విసిరి లాగడం, రెండో పడవతో తోయడం, పుట్టి ఉన్నవాళ్లను పిలవడం వాడుకలో ఉన్న పద్ధతులు. గుల్ల అడుగున చెరగని సిరాతో యజమాని ఫోను నంబరు రాసి, పైన పారదర్శక టేపు అంటించాలి. నీటిలో తప్పిపోయిన పడవ వారాల తర్వాత ఎవరి వలలోనైనా పడవచ్చు.